బ్యాటరీ నుంచి ప్లగ్గు దాకా: ఒక కారవాన్‌లో చూసిన పనితనం

పుదుచ్చేరి పట్నానికి ఉత్తరాన, సముద్రాన్ని ఆనుకుని ఉన్న మత్స్యకారుల పేట వైతికుప్పం. ఏడాదిలో ఒక్క రోజు మాత్రం ఈ ఇసుకలో కాలు పెట్టే చోటు దొరకదు. తమిళుల మాసి నెలలో మఖ నక్షత్రం నాడు, మాసి మగం పేరుతో జరిగే తీర్థవారికి, అంటే దేవుళ్ల సముద్ర స్నానానికి, పుదుచ్చేరి గుళ్ల దేవుళ్లే కాక మైలం సుబ్రహ్మణ్యస్వామి, దీవనూరు వినాయకుడి వంటి తమిళనాడు ఊళ్ల ఉత్సవమూర్తులూ ఇక్కడికే వస్తారు. మన జాతరల్లో లాగే ఊరేగింపు బళ్ల మీద దీపాల తోరణాలు, వాటిని వెలిగించడానికి జనరేటర్ల మోత.

కదిలే బండిలో కరెంటు కావాలంటే జనరేటరే దిక్కు అనుకునేవాళ్లు ఇవాళ్టికీ చాలామంది. ఆ పండగకు యానాం నుంచి వచ్చిన ఒక కుటుంబం వారి కారవాన్‌ను చూస్తే ఆ అభిప్రాయం మార్చుకోవలసి వస్తుంది. పీవై 04 నంబరు పలక ఉన్న టెంపో ట్రావెలర్ అది. యానాం పరిపాలన రీత్యా పుదుచ్చేరిదే అయినా ఉండేది గోదావరి ఒడ్డున. రెండింటి మధ్య ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా రోడ్డు. అంత దూరం వచ్చిన బండికి పండగకు ముందు వైతికుప్పంలోనే ఒక వీధి పక్కన ఇన్వర్టర్ బిగించారు. ఆ పనిని దగ్గర కూర్చుని చూసే అవకాశం నాకు కలిగింది. చేసినాయన విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుని, పుదుచ్చేరిలో స్థిరపడిన నెల్లూరు జిల్లా మనిషి. పేరు రాయవద్దన్నారు కాబట్టి మేస్త్రీగారు అనే రాస్తాను. ఆయన పేరు తెలియకపోయినా ఫరవాలేదు, ఆయన పని మాత్రం పదిమందికీ తెలియాలి.

తెలుగువాళ్లకు చక్రాల మీద ఇల్లు కొత్త సంగతి కాదు. 1982లో నందమూరి తారక రామారావు పాత షెవ్రోలె వ్యాన్‌ను చైతన్య రథంగా మార్పించుకుని, కొడుకు హరికృష్ణ నడుపుతుండగా రాష్ట్రమంతా తిరిగారు. దాని మీద నిలబడే ప్రసంగించారు, దారి పొడవునా అందులోనే బతికారు. తరువాత హైదరాబాదు సినిమా షూటింగుల్లో కారవాన్ మామూలు మాటయింది. అయితే అక్కడ కరెంటు బాధ్యత ఎక్కువగా జనరేటరుదే. ఇప్పుడు మామూలు కుటుంబాలు కూడా సొంతంగా ఇలాంటి బళ్లు కట్టించుకుంటున్నాయి.

ఇన్వర్టరూ మనకు కొత్త కాదు. కరెంటు కోతల కాలంలో మన ఇళ్ల హాల్లో ఒక మూల దానికి శాశ్వతంగా స్థలం దొరికింది. తిరుపతి దగ్గర కరకంబాడిలో 1985లో మొదలైన అమరరాజా వంటి సంస్థల వల్ల బ్యాటరీల వ్యాపారం, మరమ్మతు మన చిన్న పట్టణాల దాకా పాకింది. ఈ పరిచయం వల్లే ఒక భ్రమ కూడా ఏర్పడింది. ఇంట్లో బిగించినట్టే బండిలోనూ బిగించేయవచ్చని చాలామంది ధీమా. ఇంటి గోడ కదలదు, బండి ప్రతి గుంటకూ అదురుతుంది. ఇంటికి భూమిలో ఎర్తింగు ఉంటుంది, బండి రబ్బరు టైర్ల మీద నిలబడుతుంది. ఈ రెండు తేడాలను మొదటి నుంచి చివరి దాకా గుర్తుపెట్టుకుని చేసిన పని కాబట్టే దీన్ని మెచ్చుకుంటున్నాను.

ఈ కారవాన్‌లో కరెంటు ఏర్పాటు అంతకుముందే కొంత ఉంది. మంచం కింద 12.8 వోల్టులు, 200 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. పైకప్పు మీద 400 వాట్ల సోలార్ పలకలు, వాటి కరెంటును బ్యాటరీకి అందించే ఎంపీపీటీ కంట్రోలరు. బండి నడిచేటప్పుడు ఇంజను ఆల్టర్నేటరు నుంచి ఈ బ్యాటరీని నింపే 30 ఆంపియర్ల డీసీ ఛార్జరు. లైట్లు, ఫ్యాను, నీళ్ల మోటారు, చిన్న ఫ్రిజ్ అన్నీ 12 వోల్టుల మీదే నడుస్తాయి. లేనిదల్లా మామూలు ప్లగ్గు. ఆ ఇంటి పెద్దావిడకు చట్నీకి మిక్సీ కావాలి, అన్నానికి రైస్ కుక్కర్ కావాలి, మనవడికి లాప్‌టాప్ కావాలి. వీటన్నిటికీ 230 వోల్టుల కరెంటే దిక్కు.

మేస్త్రీగారు స్పానర్ పట్టుకోకముందు పెన్సిలు పట్టుకున్నారు. మిక్సీ 750 వాట్లు, కుక్కర్ 700, లాప్‌టాప్ 65. రెండు పెద్దవి ఒకేసారి వాడబోమని ఇంటివాళ్ల చేత ఒప్పించారు. మిక్సీ మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువ లాగుతుంది కాబట్టి దానికి కాస్త వెసులుబాటు ఉంచి 1,500 వాట్ల ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ చాలన్నారు. ఇంటి యజమాని 3,000 వాట్లది తీసుకుంటే పోదా అని అడిగారు.

“పెద్దది కొనడం తేలికేనండి. దానికి తగ్గ బ్యాటరీ ఎక్కడుందండి మన దగ్గర?” అన్నారు మేస్త్రీగారు.

ఆ ఒక్క మాటలో ఈ పనికి సంబంధించిన అసలు లెక్క ఉంది. 230 వోల్టుల దగ్గర 1,500 వాట్లంటే ఆరున్నర ఆంపియర్లు, సన్నటి వైరు చాలు. అదే 1,500 వాట్లను 12.8 వోల్టుల బ్యాటరీ నుంచి తీయాలంటే, ఇన్వర్టర్‌లో పోయే పది శాతం కూడా కలుపుకుని, 130 ఆంపియర్లు పారాలి. 3,000 వాట్లయితే 260. లిథియం బ్యాటరీ లోపల బీఎంఎస్ అనే కాపలా సర్క్యూటు ఒకటుంటుంది. తన హద్దు దాటి కరెంటు లాగితే అది బ్యాటరీని మూసేస్తుంది. బజారులో 200 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు కొన్ని 100 ఆంపియర్ల బీఎంఎస్‌తోనే వస్తాయి. అలాంటి దానికి 1,500 వాట్లు కూడా ఎక్కువే. ఈయన బ్యాటరీ మీది చీటీ చదివి, అది 200 ఆంపియర్ల దాకా ఇవ్వగలదని తేల్చుకున్న తరువాతే ఇన్వర్టర్ మాట ఖాయం చేశారు. చాలామంది ముందు ఇన్వర్టర్ కొని, తరువాత బ్యాటరీ సంగతి ఆలోచిస్తారు.

సైన్ వేవ్ దగ్గర ఆయన పట్టుదలకూ కారణం ఉంది. ఇంట్లో పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఫ్యాను హుమ్మని మోగడం మనందరికీ అనుభవమే. ఆ మోత వెనక మోటారుకు అనవసరపు వేడి ఉంటుంది. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ ముందు బ్యాటరీ వోల్టేజిని బాగా పైకి ఎత్తుతుంది, ఎందుకంటే 230 వోల్టుల ఏసీ కెరటం శిఖరం దగ్గర 325 వోల్టులు ఉంటుంది. ఆ తరువాత మాస్‌ఫెట్ల వంటి ఎలక్ట్రానిక్ స్విచ్‌లు సెకనుకు వేలసార్లు తెరుచుకుని మూసుకుంటూ, తెరుచుకునే వ్యవధిని పెంచుతూ తగ్గిస్తూ, సెకనుకు 50 నున్నటి కెరటాలను తయారు చేస్తాయి. మోటారుకు ఇది ఇంటి కరెంటుతో సమానం.

ఇక స్థలం. ఇన్వర్టర్‌ను కళ్లకు కనిపించే చోట, ప్లగ్గుల దగ్గర పెట్టాలని యజమాని ముచ్చట. మేస్త్రీగారు దాన్ని బ్యాటరీకి మీటరు దూరంలో, సీటు కింద పెట్టారు. ఈ నిర్ణయం విలువ లెక్కలో తెలుస్తుంది. 50 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు, పోను ఒక మీటరు, రాను ఒక మీటరు. 130 ఆంపియర్లు పారినా దారిలో పోయేది 0.1 వోల్టు లోపే. అదే 10 చదరపు మిల్లీమీటర్ల వైరుతో మూడు మీటర్ల దూరం లాగి ఉంటే 1.3 వోల్టులకు పైగా దారిలోనే పోయేది. పోయిందంతా వేడిగా మారుతుంది. అది 170 వాట్లకు పైమాటే, అదీ చెక్క పలక వెనక, గాలాడని చోట. కారవాన్‌లో మంటలు పుట్టేది ఇలాంటి చోటే. ఏసీ వైపు వైరును ఎంత దూరమైనా తీసుకెళ్లవచ్చు, డీసీ వైపు కేబులు మాత్రం పొట్టిగా, లావుగా ఉండాలి. యజమాని అడిగిన చోట ఇన్వర్టర్ బదులు దాని రిమోట్ స్విచ్ పెట్టి ఆయన ముచ్చటా తీర్చారు.

సీటు కింద పెట్టి మూసేయలేదు. చల్లగాలి లోపలికి రావడానికి ఒక జాలీ, ఫ్యాను తోసే వేడిగాలి బయటికి పోవడానికి ఎదురు వైపు మరో జాలీ. వెయ్యి వాట్ల పనికి సుమారు వంద వాట్ల వేడి పుడుతుంది. పుదుచ్చేరి మే నెల ఎండలో ఇన్వర్టర్ తన పూర్తి శక్తి ఇవ్వలేకపోవడానికి ఈ వేడే కారణం. గ్యాస్ సిలిండరున్న అరకు, దీనికి మధ్య గాలి చొరని గోడ ఉందో లేదో కూడా చూసుకున్నారు. వంటగ్యాస్ గాలి కంటే బరువు, లీకయితే కిందికే దిగుతుంది. స్విచ్‌లున్న పెట్టె ఆ దారిలో ఉండకూడదు.

నేను అన్నిటికంటే ఎక్కువసేపు చూసింది కేబులు కొసకు తొడిగే లోహపు లగ్గు బిగించే పని. కేబులు కొస పైతొడుగును లగ్గు గొట్టం లోతు ఎంతో అంతే కోశారు, ఒక్క తీగ కూడా తెగకుండా. కేబులు, లగ్గు రెండూ తగరం పూత వేసిన రాగి. వైతికుప్పం గాలిలో ఉప్పు ఎప్పుడూ ఉంటుంది, పూత లేని రాగి అక్కడ త్వరగా పచ్చబడుతుంది. కొసను లగ్గులోకి తోసి, ఆరు పలకల డై ఉన్న హైడ్రాలిక్ క్రింపరుతో నొక్కారు. అసలు కేబులుకు వేసే ముందు ఒక తునక మీద వేసి, ఆ నొక్కిన చోట హాక్సా బ్లేడుతో అడ్డంగా కోసి నా చేతికిచ్చారు. వందలాది సన్నటి తీగల ఆనవాలు దాదాపు లేదు. బెల్లం అచ్చు కోసినట్టు ఒకే ముద్దగా, నున్నగా ఉంది. తీగల మధ్య సందు లేదంటే గాలి లేదు, తేమ లేదు, తుప్పు లేదు.

టంకం వేస్తే ఇంకా గట్టిగా ఉండదా అని అడిగాను.

“బండిలో వద్దండి. టంకం తీగలోకి పైకి పాకుతుంది. పాకినంత మేర తీగ బిరుసెక్కుతుంది. అదురుకు సరిగ్గా ఆ అంచు దగ్గరే తెగుతుందండి” అన్నారు.

తరువాత లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం తొడిగి వేడి చేశారు. అది ముడుచుకుని, అంచుల దగ్గర జిగురు చిన్న వలయంగా పైకి వచ్చింది. అలా వచ్చిందంటే తేమ చొరబడే దారి మూసుకుందన్నమాట.

బోల్టు మీద వస్తువుల వరసలోనూ ఆయన జాగ్రత్త కనిపించింది. ముందు బస్ బారు అనే కరెంటు పంచే లోహపు పట్టీ, దాన్ని నేరుగా తాకుతూ లగ్గు, ఆ పైన వాషరు, స్ప్రింగ్ వాషరు, నట్టు. తొందరలో చాలామంది బస్ బారుకు, లగ్గుకు మధ్య వాషరు వేసేస్తారు. స్టెయిన్‌లెస్ స్టీలు కరెంటుకు రాగి కంటే సుమారు నలభై రెట్లు ఎక్కువ అడ్డు. 130 ఆంపియర్ల దారిలో ఆ ఒక్క బిళ్ల చాలు, నట్టు కాలడానికి. బిగించాక ప్రతి నట్టు మీదుగా బోల్టు దాకా పసుపు రంగు పెన్నుతో ఒక గీత గీశారు. దారిలో అదురుకు నట్టు వదులైతే గీత విరిగినట్టు కనిపిస్తుంది. ఇంటివాళ్లు టార్చి వేసి చూసుకుంటే చాలు, స్పానర్ అక్కర్లేదు.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరం లోపే ఉంది. 200 ఆంపియర్ల క్లాస్ టీ ఫ్యూజు. లిథియం బ్యాటరీలో షార్ట్ అయితే క్షణంలో వేల ఆంపియర్లు పారతాయి. మామూలు ఫ్యూజు కరిగినా లోపల మెరుపు ఆగకుండా కరెంటు పారుతూనే ఉండవచ్చు. క్లాస్ టీ ఫ్యూజు 20,000 ఆంపియర్లను కూడా తెంచగలిగేలా తయారవుతుంది. ఖరీదు ఎక్కువే, కానీ బేరమాడవలసిన చోటు ఇది కాదు. ఫ్యూజు కాపాడేది ఇన్వర్టర్‌ను కాదు, కేబులును. అందుకే అది ఇన్వర్టర్ దగ్గర కాక బ్యాటరీ దగ్గర ఉండాలి. ఫ్యూజుకు ముందున్న కేబులుకు ఏ రక్షణా లేదు, కాబట్టి అది ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

మైనస్ వైపు షంట్ ఉంది. 500 ఆంపియర్లు పారితే 50 మిల్లీవోల్టులు చూపించే లోహపు పలక అది. ఆ చిన్న తేడాను చదివి బ్యాటరీలో ఎంత మిగిలిందో మీటరు చెబుతుంది. ఇన్వర్టర్ మైనస్‌ను నేరుగా బ్యాటరీకి కలిపితే పని నడుస్తుంది, కానీ ఆ కరెంటు మీటరు లెక్కలోకి రాదు. బ్యాటరీ నిండుగా ఉందని మీటరు చెబుతుండగానే దీపాలారిపోతాయి. ఈయన బ్యాటరీ మైనస్ మీద షంట్‌కు వెళ్లే ఒక్క లగ్గే ఉంచారు. బండిలోని ప్రతి మైనస్ తీగా షంట్‌కు అవతలి వైపే చేరింది.

మొదటిసారి కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఇన్వర్టర్ లోపలి కెపాసిటర్లు ఖాళీగా ఉంటాయి. నేరుగా తగిలిస్తే పెద్ద నిప్పురవ్వ లేచి లగ్గు ముఖం గుంటలు పడుతుంది. ఆయన ముందు ఒక సిరామిక్ రెసిస్టరు ద్వారా కొన్ని సెకన్లు కరెంటు పారనిచ్చి, కెపాసిటర్లు నిండాక అసలు స్విచ్ వేశారు. చప్పుడు లేదు, రవ్వ లేదు.

ఏసీ వైపు పని ప్రాణానికి సంబంధించినది. ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ చేసే పని ఒకటే: ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని చూడడం. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే తెంచేస్తుంది. ఇంట్లో లీకయిన కరెంటు భూమి దారిన సరఫరా న్యూట్రల్‌కు తిరిగి చేరుతుంది కాబట్టి ఆ తేడా తెలుస్తుంది. టైర్ల మీద ఉన్న బండిలో ఇన్వర్టర్ న్యూట్రల్‌ను బండి చాసిస్‌కు, ఎర్తు తీగకు ఒక చోట కలపకపోతే ఆ దారే ఉండదు. ఆర్‌సీసీబీ గోడకు అలంకారంగా మిగిలిపోతుంది. అయితే ఈ కలయికను అన్ని ఇన్వర్టర్లూ తట్టుకోవు, కొన్ని కాలిపోతాయి. మేస్త్రీగారు తయారీదారు పుస్తకంలో అనుమతి ఉందని చూశాకే కలిపారు.

బయటి నుంచి కరెంటు తీసుకునేటప్పుడు ఈ కలయిక ఉండకూడదు, అక్కడ ఆ పని సరఫరా వైపే జరిగి ఉంటుంది. అందుకని ఫేజు, న్యూట్రల్ రెండింటినీ ఒకేసారి మార్చే చేంజోవర్ స్విచ్ వేశారు. ఒక వైపు ఇన్వర్టర్, మధ్యలో ఖాళీ, రెండో వైపు బయటి కరెంటు. రెండూ కలిసే అవకాశం ఆ స్విచ్ నిర్మాణంలోనే లేదు.

ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కితే ట్రిప్ అయింది. ఆయన అక్కడితో ఆగలేదు. ఎర్తు లేకపోయినా ఆ బటన్ పని చేస్తుంది, అది పెట్టె లోపలి పరీక్ష మాత్రమే. ఫేజు నుంచి ఎర్తుకు కావాలని కొద్దిగా లీక్ చేసే టెస్టరును ప్రతి ప్లగ్గులోనూ పెట్టి, ప్రతిసారీ ఆర్‌సీసీబీ పడిందని రూఢి చేసుకున్నారు. వృత్తి మీద గౌరవం ఉన్నవాడు చేసే పని ఇది.

చివరికి కుక్కర్‌లో బియ్యం పోసి స్విచ్ వేశారు. క్లాంపు మీటరు 60 ఆంపియర్ల దగ్గర నిలిచింది. బ్యాటరీ దగ్గర వోల్టేజి, ఇన్వర్టర్ దగ్గర వోల్టేజి విడివిడిగా కొలిస్తే తేడా చాలా స్వల్పం. అన్నం ఉడికేలోగా ఆయన డీసీ వైపు ప్రతి లగ్గు మీదా చెయ్యి పెట్టి చూశారు, నన్నూ చూడమన్నారు. వేడి తెలియలేదు.

వాడేవాళ్లకు చెప్పిన జాగ్రత్త కూడా పనిలో భాగమే. ఈ తరహా ఇన్వర్టర్ ఏ పనీ చేయకపోయినా ఆన్‌లో ఉంటే 20 వాట్ల దాకా తింటుంది. రోజంతా అయితే అర యూనిట్. బ్యాటరీ మొత్తం రెండున్నర యూనిట్లే కాబట్టి దాదాపు అయిదో వంతు ఉత్తపుణ్యానికి పోతుంది. పెద్దావిడతో, “పని అయిపోగానే ఈ మీట కట్టేయండమ్మా, ఫ్రిజ్జూ లైట్లూ దీంతో సంబంధం లేకుండా నడుస్తాయి” అని చెప్పి, రిమోట్ స్విచ్‌ను ఆవిడ చెయ్యి అందే ఎత్తులోనే బిగించారు. ప్రతి ఫ్యూజు కింద తెలుగులో చీటీ అతికించారు. మొత్తం వైరింగు బొమ్మను చేత్తో గీసి, సీటు మూత లోపలి వైపు అంటించారు. రేపు ఒంగోలులో ఏ మెకానిక్ మూత తెరిచినా మొత్తం సంగతి అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది. తన తరువాత పని చేసేవాడి కోసం కూడా ఆలోచించినవాడే అసలైన పనివాడు.

ఇలాంటి పని చేయించుకోబోయేవారికి నా విన్నపం ఇది. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కట్టడి చేస్తుంది, కనుక కారవాన్‌గా మార్చే బండికి ముందు ఆర్టీవో అనుమతి చూసుకోండి. ఇన్వర్టర్ కంపెనీ పేరు కంటే ముందు బ్యాటరీ ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో అడగండి. ఫ్యూజు బ్యాటరీకి ఎంత దూరంలో ఉందో కళ్లారా చూడండి. ప్రతి ప్లగ్గునూ ఎర్తు లీకేజీ టెస్టరుతో పరీక్షించమనండి. వైరింగు బొమ్మ చేతికి అందాకే డబ్బు ఇవ్వండి. ఇవన్నీ అడగకముందే చేసే మేస్త్రీ దొరికితే బేరమాడకండి. ఆయన కూలి బండి ఖరీదులో చిన్న భాగం, కాపాడేది మాత్రం బండిలో నిద్రపోయే మీ కుటుంబాన్ని.